తట్టకముందే తెరిచే తలుపు

డిసెంబరు ఇరవై నాలుగున చెయ్యాల్సినవి ఇవి. తొమ్మిది రోజులుగా వేకువ పూజలకి బలిపీఠం మీద వేసి తీస్తున్న తెల్లగుడ్డను ఇక తియ్యకుండా ఉంచి, ఊదారంగుది మడిచి పెట్టెలో పెట్టాలి. పచ్చని కొమ్మల వలయంలో నాలుగు ఆదివారాల కొవ్వొత్తుల కింద గడ్డకట్టిన మైనం గీకాలి. కప్పు కారే చోట్ల ఆరు గిన్నెలు పెట్టాలి. గంటతాడు ముడి బిగించాలి. బీరువాలోని బాలయేసును బయటికి తీసి మొహం తుడవాలి. పశువుల తొట్టి పక్కన బుట్టలో వరిగడ్డి తగ్గింది, ఇంకో కట్ట తేవాలి. జనం తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనాలు వినడానికి ఫాదర్‌కి కుర్చీ, దాని పక్కన మోకాళ్లపీట వెయ్యాలి. ఆఖరున సముద్రం వైపు తలుపు చూడాలి.

ఇవి ఎక్కడా రాసి లేవు. చర్చి ఊడ్చే కొన్సోర్సియా తలలో ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే వరుసలో ఉన్నాయి. సముద్రం వైపు తలుపు ప్రతి ఏడూ ఆఖరునే వస్తుంది. దాని దగ్గరికి వెళ్లాలంటే ఆమెకు భయం.

ఉదయం ఆరున్నరకి ఆమె మోకాళ్ల మీద కూర్చుని, విరిగిన చెంచాతో మైనం గీకుతోంది. పొట్టి మనిషి. వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బిపోయాయి. ఏ ఊరి జట్టుదో బాస్కెట్‌బాల్ చొక్కా, వీపు మీద ఎనిమిది అంకె. మెడలో అబాకా నార తాడుకి అరచేతి పొడవున్న ఇనుప తాళంచెవి. ఊళ్లో చిన్నాపెద్దా అందరికీ ఆమె సియాంగక్క. అక్టోబరులో ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ గుండె చప్పుడు విని, బరువులు ఎత్తొద్దు, గంట దగ్గరి మెట్లు ఎక్కొద్దు అంది. ఆమె సరేనని తలూపి, మర్నాడు పొద్దున్నే మెట్లెక్కి గంట కొట్టింది.

ఊదారంగు కొవ్వొత్తులు మూడూ ఒకలాగే కరిగాయి. మూడో ఆదివారం వెలిగించిన గులాబీరంగుది మాత్రం ఒక పక్కకి ఒరిగి కారింది. అది ఆనందపు ఆదివారం. ఆ రోజు ఫాదర్ దారియో ప్రసంగంలో ఒక మాటన్నాడు. బాధ వస్తుందంటే మనం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాం, ఆనందం వస్తుందంటేనే మనకి చేతకాదు, ఎక్కడ దాక్కోవాలా అని చూస్తాం అన్నాడు. ఫాదర్‌కి ముప్పై ఒక్కేళ్లు, ఈ ద్వీపానికి వచ్చి నాలుగు నెలలు. ఆ మాట విన్నప్పుడు సియాంగక్క వెనకాల స్తంభం చాటున చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన తనని చూసే అన్నాడనుకుంది. ఆ వారమంతా ఆయన ఎదురుపడితే పక్కకి తప్పుకుంది.

బయట సుత్తిదెబ్బలు మొదలయ్యాయి. తుఫాను రాత్రికి తీరం దాటుతుందని రేడియో చెప్పింది. రాత్రి జరగాల్సిన క్రిస్మస్ పూజను ఫాదర్ మధ్యాహ్నం రెండింటికి మార్చాడు. కిటికీలకి చెక్కలు కొడుతున్నారు. ఒక్కో దెబ్బకీ సియాంగక్క భుజాలు ఎగిరిపడుతున్నాయి. టక్, టక్, టక్. ఆగడం. మళ్లీ టక్, టక్, టక్. ఆ ఆగడం దగ్గర ఆమె చేతిలో చెంచా కూడా ఆగేది.

ఎనిమిదింటికి ఎలీసియో వచ్చాడు. డెబ్బై రెండేళ్ల జాలరి, భార్య పోయినవాడు, సముద్రం ఒడ్డున ఒంటరిగా ఉంటాడు. ప్రతి ఏడూ ఈ రోజున అరిటాకులో చుట్టిన చేప తెచ్చి ఆమెకిస్తాడు. ఇరవై తొమ్మిదేళ్ల కిందటి పెద్ద తుఫానులో అతని ఇద్దరు ఆడపిల్లలు ఈ చర్చిలో, ఆమె ఒళ్లో పడుకుని బతికారు. అందుకు చేప.

"కళ్లు చూడు సియాంగూ, నీ కళ్ల కన్నా దీని కళ్లే నయం," అన్నాడు.

"ఇప్పుడే లోపలికి వచ్చెయ్యి అన్నా. మళ్లీ ఒడ్డుకి ఎందుకు?"

"పడవ కట్టాలి గదా. కట్టేసి వస్తాలే."

"పడవని వదిలెయ్యి."

"భలేదానివే. నువ్వు చీపురు వదిలేస్తావా?" అని నవ్వాడు. "ఎప్పుడొస్తే ఏంలే. తట్టకముందే తలుపు తీసే దానివి నువ్వు."

ఊళ్లో ఇదొక వేళాకోళం. క్రిస్మస్ ముందురోజు యోసేపు, మరియ వేషాలు వేసిన ఇద్దరు ఇంటింటి తలుపూ తట్టి, తలదాచుకోను చోటిమ్మని పాడతారు. లోపలివాళ్లు లేదు పొమ్మని పాడతారు. అన్ని ఇళ్లూ కాదన్నాక ఆఖరున చర్చి తలుపు తెరుచుకుంటుంది. తెరవడం సియాంగక్క పని. వాళ్లు మూడుసార్లు తట్టాలి, పాట రెండు చరణాలు పాడాలి, అప్పుడు తియ్యాలి. ఆమె ఏ ఏడూ అంతదాకా ఆగలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే తలుపు బార్లా తీసేస్తుంది. గాయకబృందం నడిపే నేలియా ప్రతిసారీ నెత్తి కొట్టుకుంటుంది. ఓపిక లేని మనిషని అందరూ నవ్వుకుంటారు. తలుపు తట్టే చప్పుడు వినలేకే ఆమె అలా తీస్తుందని ఎవరికీ తెలియదు.

ఆ చేపను ఆమె ఏనాడూ తినలేదు. వండి ఎవరికైనా పెట్టేది, ఎవరూ లేకపోతే పిల్లులకి వేసేది.

ఆ పెద్ద తుఫాను నాటికి ఆమెకి ముప్పై నాలుగు. తాళంచెవి చేతికొచ్చి నెల కూడా కాలేదు. సాయంత్రం ఎలీసియో భార్య మాక్సిమా పిల్లలిద్దర్నీ తెచ్చి ఆమెకి అప్పజెప్పింది. పిల్లల్ని చూస్తూండు, ఆయన ఇంకా ఒడ్డునే ఉన్నాడు, పిలుచుకుని ఇప్పుడే వస్తాను అంది. తర్వాత గాలి పెరిగింది. కప్పు రేకులు ఊపిరి పీలుస్తున్నట్టు లేచి పడుతున్నాయి. లోపల యాభై ఇద్దరు. సియాంగక్క సముద్రం వైపు తలుపుకి వీపు ఆనించి, పిల్లలిద్దర్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు ఆ తలుపు మీద మూడుసార్లు చప్పుడైంది. ఆగింది. మళ్లీ మూడుసార్లు. అది ఆమె చెవులకే కాదు, వెన్నెముకకి కూడా తెలిసింది.

పక్కనున్న ముసలాయన ఏమిటది అని అడిగాడు. గాలి అంది ఆమె.

తలుపు తీస్తే గాలి లోపలికొచ్చి కప్పు లేపేస్తుందనీ, యాభై ఇద్దరూ పోతారనీ ఆమె భయం. ఒళ్లో పిల్లలు నిద్రపోతున్నారు. చప్పుడు ఇంకోసారి వచ్చింది, ఆ తర్వాత రాలేదు. తెల్లారాక గోడ కింద మాక్సిమా దొరికింది. మొగుణ్ణి వెతుక్కుంటూ వెళ్లి కెరటంలో చిక్కుకుందని, నీళ్లే తెచ్చి ఇక్కడ పడేశాయని ఊరనుకుంది. అప్పుడు ఎలీసియో బడి భవనంలో క్షేమంగా ఉన్నాడు. నీకేమైనా వినపడిందా అని అడిగినవాళ్లకి, ఏమీ వినలేదు అని సియాంగక్క చెప్పింది. ఆ ఒక్క మాట మీదే ఆమె బతుకంతా కూర్చుంది.

తొమ్మిదింటికి ఫాదర్ మెడలో ఊదారంగు పట్టీ వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. జనం వరసగా వచ్చి, మోకరించి, పాపాలు చెప్పుకుని, తేలికైన మొహాలతో లేచి వెళ్లారు. వెళ్తూ బుట్టలోంచి ఒక గడ్డిపోచ తీసి ఖాళీ తొట్టిలో వేశారు. క్రిస్మస్‌కి ముందరి ఆగమన కాలమంతా మా దగ్గర ఇది అలవాటు. ఎవరికైనా ఒక మేలు చేస్తే, ఒక తప్పు ఒప్పుకుంటే, ఒక గడ్డిపోచ. పుట్టే బిడ్డకి పక్క మెత్తగా ఉండాలని. ఆ గడ్డి కోసేది, కడిగేది, ముళ్లూ రాళ్లూ ఏరి ఆరబెట్టేది సియాంగక్కే. ఆమె చేత్తో వేసిన పోచ మాత్రం ఆ తొట్టిలో ఇన్నేళ్లలో ఒక్కటీ లేదు.

వరస అయిపోయింది. ఫాదర్ లేవలేదు.

"మీరో, సియాంగమ్మా?"

"పొయ్యి మీద అన్నం ఉంది ఫాదర్."

"ఆ అన్నం నేను వచ్చిన దగ్గర్నుంచీ ఉడుకుతూనే ఉంది," అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్లు నవ్వలేదు. "మాడకముందే రండి. నేనెక్కడికీ పోను."

ఆమె గబగబా వెనక గదిలోకి వెళ్లి గోడకి ఆనుకుంది. పొయ్యి రాజేసి కూడా లేదు. ఎడమ భుజం దగ్గర మొదలైన నొప్పి మోచేతి దాకా దిగింది. చచ్చిపోతానేమో అనిపించింది. చావంటే అంత భయం లేదు. అక్కడ కూడా ఒక తలుపు ఉంటుంది గదా, తను తట్టాలి గదా, లోపల మాక్సిమా ఉంటుంది గదా అని భయం.

రెండింటికి ఆకాశం గంగాళం అడుగులా నల్లబడింది. ఈసారి ఇళ్ల ముందు పాట వద్దని, నేరుగా చర్చి తలుపు దగ్గరికే రమ్మని ఫాదర్ చెప్పాడు. నీలంగుడ్డ కప్పుకున్న మరియ, అంటించిన గడ్డంతో యోసేపు మెట్లెక్కారు. యోసేపు చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి తలుపుని తాకకముందే తలుపు తెరుచుకుంది. గాలిలో చెయ్యి అలాగే ఉండిపోయింది. జనం ఘొల్లుమన్నారు.

"అక్కా, ఒక్క చరణం. ఒక్కటంటే ఒక్క చరణం పాడనియ్యి, నీకు పుణ్యముంటుంది," అంది నేలియా. "బెత్లెహేములో నువ్వుంటే ఆ తల్లి పశువుల పాకకి పోయేదే కాదు."

సియాంగక్క తలుపు వెనక చీకట్లో నిలబడి ఆ నవ్వులు విన్నది.

పూజ జరిగింది. మహిమ గీతం దగ్గర గంట కొట్టింది. పవిత్ర అప్పం పంచే సత్ప్రసాదం వేళకి, ఎప్పటిలాగే ఆమెకి ఏదో పని తగిలింది. ఆ రోజు నిండిన గిన్నెలు పారబోయడం. పాపం ఒప్పుకోకుండా తీసుకోకూడదని ఇరవై తొమ్మిదేళ్లుగా ఆమె సత్ప్రసాదం తీసుకోలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. పనిమనిషికి పని ఉంటుంది, అందులో గమనించడానికేముంది. ఫాదర్ బాలయేసును గడ్డి మీద పడుకోబెట్టినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. ఆమె తడిచేతులు చొక్కాకి తుడుచుకుంటూ తలలు లెక్కపెట్టింది. ఎనభై ఆరు. ఎలీసియో లేడు.

రాత్రికి రావలసిన గాలి మూడున్నరకే వచ్చింది. ఇళ్లకి వెళ్లడానికి లేదని ఫాదర్ అన్నాడు. పెద్ద తలుపుకి బల్లలు అడ్డం పెట్టారు. సముద్రం వైపు తలుపుకి అడ్డగడియ వేశారు. అది తొడ లావున్న కర్ర. ఆ తలుపు పక్కన కూర్చోవడం తాళంచెవి ఉన్న మనిషి వంతు. సియాంగక్క తన స్టూలు వేసుకుని కూర్చుంది. ఎలీసియో సంగతి అడిగితే, బడికి వెళ్లుంటాడులే అని ఎవరో అన్నారు. ఆనాడు మాక్సిమా గురించి కూడా ఇలాగే అనుకున్నారు.

నాలుగున్నరకి లోపల మాటలు వినబడటం మానేశాయి. గాలి ఒక్కటే. కప్పు రేకులు లేస్తున్నాయి, పడుతున్నాయి. నేలియా జపమాల చెప్పిస్తోంది, పెదాలు కదలడం కనిపిస్తోందంతే. సియాంగక్క నోట జపం రావడం లేదు. చెవులు రెండూ తలుపు మీద ఉన్నాయి.

చప్పుడైంది.

ఒకటి. రెండు. తర్వాత ఏదో జారినట్టు రాసుకున్న చప్పుడు.

ఎవరిదా చెయ్యి అని ఆలోచించే తెలివి కూడా ఆ క్షణాన లేదు. మాక్సిమా వచ్చింది అనుకుంది. ఇన్నేళ్లకి మళ్లీ వచ్చింది, ఈసారి నా కోసం వచ్చింది అనుకుంది.

"గాలేలే అక్కా," అంది నేలియా ఆమె చెవి దగ్గరికి వంగి.

ఆ మాట వినగానే సియాంగక్క లేచింది. అడ్డగడియ కింద భుజం పెట్టి ఎత్తింది. ఎవరో వద్దని చెయ్యి పట్టుకున్నారు, విదిలించింది. కర్ర నేల మీద పడింది. తలుపు ఆమెని గోడకి కొట్టి తెరుచుకుంది. వానా గాలీ ఒక్కసారిగా లోపలికి దూకాయి. కొవ్వొత్తులన్నీ ఆరిపోయాయి. ఒక గిన్నె దొర్లుకుంటూ పోయింది. గడప మీద ఎలీసియో బోర్లా పడి ఉన్నాడు, నుదుటి మీంచి నెత్తురు. ఆమె అతని చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. అయిదారుగురు మగవాళ్లు పరిగెత్తుకొచ్చి తలుపుని భుజాలతో నెట్టారు. అడ్డగడియ మళ్లీ వేశారు.

అంతే. కప్పు లేవలేదు. ఎవరూ పోలేదు. ఒకరు అగ్గిపుల్ల గీసి మొదటి కొవ్వొత్తి వెలిగించారు.

సియాంగక్క గోడ వారన కూలబడి కప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. తీస్తే అవుతుందని ఆనాడు ఆమె భయపడింది ఏదీ కాలేదు. అంటే ఆనాడూ తియ్యొచ్చు. ఇరవై తొమ్మిదేళ్లలో ఇంత భయం ఆమెకెన్నడూ కలగలేదు.

ఎలీసియో నుదుటికి నేలియా గుడ్డ కట్టింది. అతను లేచి కూర్చుని, పళ్లు కొట్టుకుంటుండగానే, "చూశావా, తట్టేదాకా ఆగావు ఈసారి," అన్నాడు సియాంగక్కతో.

ఆమె అతని చెవి దగ్గరికి జరిగింది. గాలి హోరులో మూడోమనిషికి వినపడే వీలు లేదు.

"ఆ రోజు నాకు వినపడింది అన్నా."

"ఏమిటి?"

"మాక్సిమా తట్టింది. ఈ తలుపే. నేను తియ్యలేదు."

అతను ఆమె వైపు తిరిగి అడిగాడు. "ఎన్నిసార్లు?"

"మూడు. ఆగి మళ్లీ మూడు. తర్వాత ఇంకోసారి."

"మా ఇంటి తలుపూ అలాగే కొట్టేది," అన్నాడు ఎలీసియో. "మూడు. ఆగి మూడు." గుడ్డ కింద నెత్తురు మళ్లీ కారింది, తుడుచుకోలేదు. "అయితే నన్ను వెతుకుతా పోయి చావలేదన్నమాట. వెనక్కొచ్చింది. పిల్లల దగ్గరికొచ్చింది." అడ్డగడియ వైపు చూశాడు. "నేను పడవ వదల్లేదు కాబట్టి చచ్చిందని ఇన్నేళ్లూ మోశాను సియాంగ్. నీకు తెలుసు. తెలిసీ నా చేత మోయించావు. నా చేప తీసుకున్నావు."

"తినలేదు," అంది ఆమె. అంతకన్నా చెప్పుకోడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

అతను గోడ పట్టుకుని లేచాడు. జనాన్ని తప్పించుకుంటూ వెళ్లి, పశువుల తొట్టి ముందు, ఆమెకి వీపు పెట్టి కూర్చున్నాడు.

సియాంగక్క పాకుతున్నట్టు నడిచి ఫాదర్ దగ్గరికి వెళ్లింది. కుర్చీ లేదు, పీట లేదు, తడినేల. ఆయన పిల్లలకి దుప్పటి కప్పుతున్నవాడల్లా ఆమె మొహం చూసి, జేబులోంచి ఊదారంగు పట్టీ తీసి మెడలో వేసుకున్నాడు. ఇద్దరూ స్తంభం పక్కన మోకరించారు. ఆమె ఏం చెప్పిందో ఆయనకీ దేవుడికీ తెలుసు. పావుగంట పట్టింది. ఆఖరున ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి ఉంచడం మాత్రం అందరూ చూశారు. తర్వాత మందసం తెరిచి సత్ప్రసాదం తెచ్చి ఆమె నాలుక మీద పెట్టాడు. ఆమె నోరు మూసుకోవడం మర్చిపోయినదానిలా కాసేపు అలాగే ఉంది.

తిరిగి వస్తూ బుట్ట దగ్గర ఆగి ఒక గడ్డిపోచ తీసుకుంది. తొట్టి దాకా వెళ్లాలంటే ఎలీసియో పక్కనుంచి వెళ్లాలి. నాలుగడుగుల దూరంలో నిలబడింది. అతను తిరగలేదు. ఆమె పోచను గుప్పిట్లో పట్టుకుని, మళ్లీ తలుపు దగ్గరికి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఒంట్లో బాగాలేదా అక్కా?" అని నేలియా అడిగింది.

"బాగానే ఉంది," అంది సియాంగక్క. "భయంగా ఉంది. కానీ బాగానే ఉంది." కొంచెం ఆగి, "ఇంకెవరైనా తడితే నేను తీస్తాను, మీరెవరూ లేవకండి," అంది.

ఏడింటికి గాలి తగ్గింది. ఎవరో అల్లం టీ కాచారు. నేలియా ఒక గ్లాసు తీసుకుని తలుపు దగ్గరికి వెళ్లి, రెండుసార్లు పిలిచింది. సియాంగక్క తలుపు చెక్కకి చెవి ఆనించి, ఏదో వింటున్నట్టు కూర్చుని ఉంది. చేతులు చల్లగా ఉన్నాయి. తాళంచెవి గుండెల మీద ఉంది.

ఫాదర్ వచ్చి ఆమె కళ్లు మూశాడు. జనం చుట్టూ చేరి, మోకరించి, మెల్లగా ప్రార్థన మొదలుపెట్టారు. అందరికన్నా ఆఖరున ఎలీసియో వచ్చాడు. మోకరించలేదు. వంగి, ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పి, గడ్డిపోచ తీసుకుని వెళ్లాడు.

క్రిస్మస్ ఉదయం పూజలో చదవాల్సిన మృతుల పేర్ల కాగితం నేలియా దగ్గర ఉంటుంది. ప్రతి ఏడూ ఎవరో సంతకం లేకుండా మాక్సిమా పేరు రాసి పెట్టెలో వేసేవారు. వంకర అక్షరాలు. ఆ రాత ఎవరిదో ఆ రాత్రి ఎలీసియోకి అర్థమైంది. ఆ కాగితం అడిగి చూసి, ఆ పేరు కిందే కొన్సోర్సియా అని నేలియాను రాయమన్నాడు.

మీకు ప్రార్థించే అలవాటుంటే ఆ రెండు పేర్లూ ఒక్కసారి కలిపి తలుచుకోండి. లేకపోయినా, ఎప్పుడైనా మీ తలుపు చప్పుడై లేచినప్పుడు కొన్సోర్సియాను గుర్తు చేసుకోండి. ఎలీసియో తీసుకెళ్లిన ఆ గడ్డిపోచ తొట్టి అంచు మీద, సగం లోపలికీ సగం బయటికీ, ఆ పండగ రోజులన్నీ అలాగే ఉంది.